సీఆర్పీ రిపోర్టు కంగారు పెడుతోందా? ముందు ఇవి చూడండి

రక్తపరీక్షలో కనిపించే సీఆర్పీ (సి-రియాక్టివ్ ప్రొటీన్) జబ్బు పేరు కాదు. ఒంట్లో ఇన్‌ఫెక్షనో, వాపో, దెబ్బో ఉందని రోగనిరోధక వ్యవస్థ కబురు పంపితే కాలేయం తయారుచేసే ప్రొటీన్ అది. ఏదో జరుగుతోందని చెబుతుంది కానీ, ఎక్కడో ఎందుకో చెప్పదు.

సమస్య: రెండు రిపోర్టులకు పొంతన లేదు

చంద్రగిరి నుంచి మా పిన్ని మొన్న రెండు కాగితాలు పట్టుకొచ్చింది. పాతదానిలో 24, కొత్తదానిలో 2.6. "తగ్గిపోయింది కదా నాయనా, మాత్రలు ఆపేసినా" అంది సంతోషంగా. అంకె పక్కన చిన్న అక్షరాలు చూసి నా గుండె గుభేలుమంది. పాతది లీటరుకు మిల్లీగ్రాముల లెక్క, కొత్తది డెసిలీటరుకు. డెసిలీటరు లెక్కను పదితో గుణించాలి. అంటే 26, అసలు తగ్గనే లేదు! ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను, మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. యూనిట్ చూడకుండా అంకెలు పోల్చకండి. వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి.

సమస్య: జ్వరం ఉంది, సీఆర్పీ మామూలుగానే ఉంది

రక్తం మరీ తొందరగా ఇచ్చి ఉంటారు. సీఆర్పీ పెరగడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది, బాగా పైకి చేరేసరికి సుమారు రెండు రోజులు. కారణం పోయాక దాదాపు 19 గంటలకోసారి సగమవుతూ దిగుతుంది. అందుకే డాక్టర్లు ఒక్క అంకె కన్నా పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే చూస్తారు. ఇంకోటి, అలవాటు లేకుండా అలిపిరి మెట్లు 3,550 ఎక్కి ఒళ్లు హూనమైన మర్నాడు ఈ పరీక్ష వద్దు. గట్టి శ్రమకు కూడా ఇది కొంత పెరుగుతుంది.

సమస్య: సీఆర్పీ బాగుంది, ఈఎస్ఆర్ ఎక్కువ

ఈఎస్ఆర్ కూడా వాపును పట్టే రక్తపరీక్షే. నిలువు గొట్టంలో ఎర్రకణాలు గంటలో ఎన్ని మిల్లీమీటర్లు దిగాయన్న కొలత అది. రక్తం తక్కువైనా, గర్భంతో ఉన్నా, వయసు మీదపడినా పెరుగుతుంది. ముందు హిమోగ్లోబిన్ చూడండి. కీళ్ల నొప్పులు, బుగ్గల మీద ఎర్రమచ్చలు కూడా ఉంటే ఊరుకోవద్దు. రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడిచేసే లూపస్ అనే జబ్బులో తరచూ ఇలాగే వస్తుంది, రుమటాలజిస్టుకు (కీళ్లవాతం డాక్టరుకు) చూపించాలి.

సీఆర్పీ పెరిగిందని మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొనుక్కోవడం మాత్రం వద్దే వద్దు. వాపు ఇన్‌ఫెక్షన్ వల్ల కాకపోతే అది పనిచేయదు. ఆయాసం, మగత, మాట తడబడటం ఉంటే రిపోర్టు కోసం ఆగకండి, నేరుగా తిరుపతిలోని రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో ఎమర్జెన్సీకి వెళ్లండి.