ధమని ఏది, సిర ఏది? మీ చేతి మీదే కనిపెట్టడం ఎలా?

రక్తం తీసే సిస్టర్ మోచేయి మడత దగ్గర తడుముతూ "నరం దొరుకుతలేదు" అంటుంది. నిజానికి ఆమె వెతుకుతున్నది సిరను. నరం వేరు. అది మెదడుకు కబుర్లు మోస్తుంది, అందులో రక్తం పారదు. హన్మకొండలో పిల్లలకు సైన్స్ చెప్పే నేను ఈ పాఠానికి ముందు పుస్తకాలు మూయించి చేతులు చాపమంటాను. మీరూ చాపండి.

1. చెయ్యిని ఒక నిమిషం కిందికి వేలాడదీయండి. చేతి వెనక సిరలు ఉబ్బుతాయి. మన ఎండాకాలం మధ్యాహ్నమైతే ఇంకా బాగా తేలుతాయి. ఇప్పుడు తలపైకి ఎత్తండి, చదునైపోతాయి. వాటిలో ఒత్తిడి అంత తక్కువ. నీలంగా కనబడ్డా లోపలి రక్తం ముదురు ఎరుపే.

2. చూపుడు వేలు, మధ్య వేలు మణికట్టు మీద బొటనవేలి వైపు ఆనించండి. టక్ టక్ మని కొట్టుకునేది ధమని. చెయ్యి ఎత్తినా ఆగదు. డాక్టర్ 120/80 అని చెప్పే బీపీ ధమనుల్లోదే. గుండె తోసిన ప్రతిసారీ ఆ దెబ్బ తట్టుకోవాలి కాబట్టి వాటి గోడలు మందంగా, సాగేలా ఉంటాయి.

3. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన దశ. చెయ్యి మళ్లీ కిందికి దించి, ఉబ్బిన ఒక సిరను వేళ్ల వైపు చివర గట్టిగా నొక్కిపట్టండి. ఇంకో వేలితో అక్కడి నుంచి మోచేయి వైపు రక్తాన్ని తుడిచినట్టు జరిపి, ఆ వేలు తీసేయండి. రక్తం కొంతదూరం వెనక్కి వచ్చి ఒకచోట ఆగిపోతుంది. అక్కడ కవాటం ఉంది, అంటే రక్తాన్ని గుండె వైపే పోనిచ్చే చిన్న తలుపు. దాని కింద సిర ఖాళీగానే ఉంటుంది. నొక్కిన వేలు వదలగానే కింది నుంచి చటుక్కున నిండుతుంది. ఒక్కసారికి కుదరకపోతే ఇంకో సిర మీద చూడండి. చేతికి కట్టు కట్టి ఇలాగే చూపించిన ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే, రక్తం గుండె నుంచి వెళ్లి తిరిగి గుండెకే వస్తుందని 1628లో పుస్తకం అచ్చువేశాడు.

కాళ్లలో ఈ కవాటాలు పాడైతే రక్తం కిందికే దిగి నిలుస్తుంది. గంటలకొద్దీ నిలబడి పనిచేసేవాళ్లలో కొందరికి పిక్కల మీద సిరలు మెలికలు తిరిగి ఉబ్బేది అందుకే. బట్టల షాపుల్లో పనిచేసేవాళ్లు మధ్యమధ్యలో నాలుగు అడుగులు వేస్తే పిక్క కండరాలు రక్తాన్ని పైకి తోస్తాయి.

4. రంగును బట్టి పేరు పెట్టొద్దు, దిశను చూడండి. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకు తెచ్చేది సిర. ఊపిరితిత్తులకు వెళ్లే ధమనిలో ఉండేది ఆక్సిజన్ తక్కువున్న ముదురు రక్తమే.

5. గాయంలోంచి ఎర్రటి రక్తం గుండె లయకు తగ్గట్టు చిమ్ముతుంటే ధమని తెగినట్టు. ముదురుగా, ఒకే తీరుగా కారుతుంటే సిర. ఏదైనా ముందు శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమిపట్టండి. మాటిమాటికీ తీసి చూడొద్దు. పక్కనున్నవాళ్లను 108కి ఫోన్ చేయమనండి.