ఉపవాసం మొదలుపెట్టి మూడో రోజే ఆపేసేవాళ్ళ కోసం

ఇక్కడ బెంగళూరు మారతహళ్ళి పీజీల్లో ఉండే మనవాళ్ళు చాలామంది ఈ మధ్య ఫాస్టింగ్ మొదలుపెట్టి మూడో రోజుకే తలనొప్పి, నీరసం అని వదిలేస్తున్నారు, చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే లోపల హార్మోన్లు ఏం చేస్తున్నాయో తెలిస్తే అంత కష్టపడక్కర్లేదు.

తిన్నాక రక్తంలో షుగర్‌ని తగ్గించే హార్మోన్ ఇన్సులిన్, అది ఎక్కువున్నంతసేపు ఒంట్లో కొవ్వు పెద్దగా బయటికి రాదు. రాత్రి 8కి తిని ఆపేస్తే తెల్లారేసరికి ఇన్సులిన్ దిగుతుంది, దానికి ఎదురు పనిచేసే గ్లూకగాన్ అనే హార్మోన్ పెరుగుతుంది, అది లివర్‌లో ఉన్న సుమారు 100 గ్రాముల గ్లైకోజెన్‌ని, అంటే దాచిపెట్టిన షుగర్ నిల్వని, కొంచెం కొంచెంగా షుగర్ చేసి రక్తంలోకి వదుల్తుంది. ఒక రోజు గడిచేసరికి అది చాలావరకు అయిపోతుంది, ఈలోపే కొవ్వు కరగడం, లివర్ ఆ కొవ్వు నుంచి కీటోన్లు అనే ఇంధనం చేయడం మొదలవుతాయి, మెదడు కొవ్వుని నేరుగా వాడుకోలేదు గానీ ఈ కీటోన్లని వాడుకుంటుంది. గ్రోత్ హార్మోన్ కూడా పెరిగి కండ మరీ కరిగిపోకుండా చూస్తుంది.

సరే, ఎలా మొదలుపెట్టాలి. మొదటి వారం 12 గంటలే, రాత్రి 8 నుంచి పొద్దున 8. తర్వాత రెండు మూడు రోజులకోసారి టిఫిన్ ఒక గంట ఆలస్యంగా జరపండి. ఒకేసారి జరపొద్దు, ఎందుకంటే ఆకలి పుట్టించే గ్రెలిన్ రోజూ మీరు తినే టైముకే పెరుగుతుంది, తినకపోయినా కాసేపటికి దానంతటదే తగ్గుతుంది, కొన్నాళ్ళకి కొత్త టైముకి అలవాటు పడుతుంది. ఆఫీస్ క్యాంటీన్లో నెయ్యి దోశ వాసన వస్తుంటే ఒక అరగంట లేచి నడవండి చాలు.

ఇంక తలనొప్పి సంగతి, ఇదే ఎవరూ చెప్పరు. ఇన్సులిన్ తగ్గితే కిడ్నీలు ఉప్పుని, దాంతో నీళ్ళని బయటికి పంపేస్తాయి, అందుకే తలనొప్పి, లేవగానే కళ్ళు తిరగడం. పెద్ద గ్లాసు నీళ్ళలో పావు చెంచా ఉప్పు, కాస్త నిమ్మరసం కలుపుకుని తాగండి, పంచదార మాత్రం వద్దు. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఉప్పు పెంచకండి.

పాలు, పంచదార పడ్డ ఫిల్టర్ కాఫీ ఇన్సులిన్ పెంచేస్తుంది, డికాక్షన్ ఒక్కటే తాగండి. ఏకాదశికి పాలు పళ్ళు తిని ఉండటం భక్తికి సరే, దాంతో కీటోసిస్, అంటే ఒళ్ళు కీటోన్ల మీద నడిచే స్థితి, రాదు. ఆంధ్రా మెస్‌లో మూడు సార్లు అన్నం పెట్టించుకున్నా గ్లైకోజెన్ మళ్ళీ నిండిపోతుంది, అన్నం తగ్గించి పప్పు, గుడ్లు, కూర ఎక్కువ తినండి. నిద్ర కూడా ముఖ్యం, నైట్ షిఫ్ట్‌లో నిద్ర చెడితే మరుసటి రోజు ఆకలి మామూలుగా ఉండదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు చెయ్యొద్దు. షుగర్ ఉన్నవాళ్ళు డాక్టర్ మందు మార్చి ఇచ్చాకే, ఇన్సులిన్ అయినా గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్ర అయినా తిండి లేకుండా వేసుకుంటే షుగర్ పడిపోతుంది, డాపాగ్లిఫ్లోజిన్ అనే ఇంకో షుగర్ మాత్ర వాడేవాళ్ళకి షుగర్ మామూలుగా ఉన్నా కీటోన్లు ప్రమాదకరంగా పెరగొచ్చు. మా నాన్న మాత్ర వేసుకుని ఉపవాసం ఉండి చెమటలు పట్టి కూలబడ్డారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. షుగర్ చూసే మిషన్ పక్కనే ఉంచుకోండి, రీడింగ్ 70 కన్నా తగ్గితే ఉపవాసం అక్కడితో ఆపి మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగి పావుగంటకి మళ్ళీ చూసుకోండి.