చక్రం పైనున్న ఫెండర్ లైనర్ మార్చడం: నా అనుభవం

కారు చక్రం పైన, ఫెండర్ లోపలి వైపు క్లిప్పులతో బిగించి ఉండే ప్లాస్టిక్ తొడుగే లైనర్. రాయగడ, కోరాపుట్ ఘాట్ రోడ్లలో వానాకాలం ఎర్రమట్టి లైనర్ వెనక చేరి, ఎండి గట్టిపడుతుంది. ఆ బరువుకి క్లిప్పులు ఊడతాయి, అంచు టైరుకి రాసుకుంటుంది. ఇంజిన్ బెల్టు ఉన్న వైపు లైనర్ చిరిగితే బెల్టు తడిసి కీచుమంటుంది. చాలామంది బెల్టే మార్చేస్తారు, డబ్బు దండగ.

కుడి, ఎడమ లైనర్లు వేరు. ఛాసిస్ నంబరు చెప్పి కొనండి. క్లిప్పులు పది పదిహేను ఎక్కువే తీసుకోండి, పాతవి తీస్తుంటేనే విరుగుతాయి.

బండి నేల మీద ఉండగానే వీల్ నట్లు కాస్త వదులు చేసి, జాకీతో లేపి, స్టాండు పెట్టాకే చక్రం తీయండి. ఒక్క జాకీని నమ్మి లోపల చెయ్యి పెట్టొద్దు. క్లిప్పు నడిమి పిన్నుని సన్నటి స్క్రూడ్రైవర్‌తో పైకి లేపితే మిగతాది దానంతటదే వస్తుంది. నేరుగా లాగితే తల తెగి, కాడ లోపలే ఉండిపోతుంది. కొన్ని చోట్ల 10 నంబరు బోల్టులు, స్టార్ స్క్రూలు కూడా ఉంటాయి.

అసలు పని ఇక్కడుంది. ఫెండర్ కింది మూల, తలుపుకి కాస్త ముందు, మట్టి ముద్దగా దొరుకుతుంది. తుప్పు అక్కడే పుడుతుంది. నీళ్లతో కడిగి, ఆరాక వైర్ బ్రష్‌తో గీకి, ప్రైమర్, దానిపై అండర్‌బాడీ కోటింగ్ వేయండి. నీరు పోయే రంధ్రాలు మాత్రం మూయకండి.

కొత్తది పై నుంచి మొదలుపెట్టి బిగించండి. ముందంచు బంపర్ లోపలికి దూరాలి, లేదంటే గాలికి మడతపడి టైరు మీద పడుతుంది. అన్ని రంధ్రాలూ కుదిరాకే పిన్నులు నొక్కండి. చక్రం ఎక్కించి, నట్లు ఎదురెదురుగా బిగించి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. ఎక్కడా రాసుకోకూడదు.