స్పిన్ అర్థం కావాలంటే బెల్టు తీయండి
స్పిన్ అంటే ఎలక్ట్రాన్ లాంటి కణాలకు సహజంగా ఉండే కోణీయ ద్రవ్యవేగం. బెంగళూరులో క్వాంటం ఫిజిక్స్ చదివే మన పిల్లలకు నేను ముందు చూపించేది ఈ బెల్టు ఆటే. బెల్టు బకిల్‌ను తలుపు గడియకు తగిలించి, రెండో కొసను ఒక చుట్టు మెలిపెట్టండి. ఇక కొసను తిప్పకుండా, దాని దిక్కు మార్చకుండా, బెల్టు కింద నుంచి ఒకసారి దాటించండి. మెలిక ఎదురు దిశకు మారుతుందే గానీ పోదు. రెండు చుట్లు పెడితే మాత్రం పూర్తిగా విడిపోతుంది! (తప్పు వైపు దాటిస్తే నాలుగవుతాయి, కంగారు పడకండి.)

స్పిన్ 1/2 (ఎలక్ట్రాన్‌ది ఇదే) కథ కూడా ఇంతే: 360 డిగ్రీలు తిప్పితే కణం స్థితికి మైనస్ 1 గుణకం వస్తుంది, 720కి ప్లస్ 1. లై ఆల్జీబ్రా కమ్యుటేటర్లు (అతి చిన్న భ్రమణాల వరుస మారిస్తే వచ్చే తేడాలు) మాత్రమే చూస్తే ఇది కనబడదు. అందుకే జెడ్ అక్షం చుట్టూ 360 డిగ్రీల మాత్రిక తప్పకుండా వేయండి. మైనస్ వస్తే అది ఎస్‌యూ(2) (స్పిన్ 1/2ను తిప్పే 2×2 మాత్రికల గ్రూపు) రిప్రజెంటేషనే, అంటే ఆ గ్రూపును మాత్రికలుగా రాసే తీరే; ఎస్‌ఓ(3)ది (మామూలు 3డీ భ్రమణాల గ్రూపుది) కాదు.