మీ ఊరు ఎట్ల మారుతుందో పట్టుకునుడు ఎట్లా

దేశం కల్చర్ మారుతుంది అంటే ఏందో పెద్ద ముచ్చట అనుకుంటం గానీ అది కనబడేది కిరాణా కొట్టు కాడనే, ముందు అక్కడికి పోండి.

మిర్యాలగూడ రైస్ మిల్లుల దిక్కు పోతే బీహార్ హమాలీలు కనబడతరు, పక్కన కొట్టుల ఖైనీ పాకెట్లు, ఆవనూనె వేలాడుతుంటయ్, కొట్టాయన కూడ "క్యా చాహియే భయ్యా" అంటడు. పదేండ్ల కింద ఆ కొట్టుల ఏం అమ్మేటోళ్లు అని అడిగి రాసుకోండి, గంతే, సగం పని అయిపోతది.

తర్వాత లంబాడోళ్ల తండాకు పోండి, కానీ తీజ్ పండుగ టైమ్‌ల పోవాలె. పెండ్లికాని ఆడపిల్లలు బుట్టల్ల గోధుమలు నాటి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తరు, ఇప్పుడు ఆఖరి రోజు డీజే కూడ పెడుతున్నరు. అది చూసి పాడైపోయింది అని మాత్రం రాయకుండ్రి, ఏ పిల్లగాండ్లు పెట్టిన్రు, ఏ పాట పెట్టిన్రు అది రాయండి.

ఇంట్ల ముసలోళ్లను వదలొద్దు. పాలమూరు లేబర్ అంటే డ్యాములు కట్టేతందుకు దేశమంత తిరిగినోళ్లు, బొంబాయి పోయినోళ్లు. మా పెద్దనాయనైతే ఇప్పటికీ కోపమొస్తే మరాఠీలోనే తిడతడు, పొద్దుగాల చాయ్‌ల పావ్ ముంచుకొని తింటడు.

ఫోన్‌ల రికార్డ్ చేస్తే ముందు అడగండి. నేను ఒకసారి ఒకామెను అడగకుండ రికార్డ్ చేసిన, ఆమె నాతోని రెండేండ్లు మాట్లాడలే.

ఇంకోటి, మన మిరపకాయ బజ్జీల మిర్చి కూడ పోర్చుగీసోళ్లు తెచ్చిందే, ఎవలన్న "మన కల్చర్ ప్యూర్" అంటే ఓ ప్లేటు చెప్పండి.