లక్ష్మివారం పూజకి కలశమూ మాణా పెట్టే పద్ధతి

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు ఇళ్లలో మార్గశిరం వస్తోందంటే ముందు తేదీల చిక్కు తేల్చుకోవాలి. పక్కింటి ఒడియా వాళ్లు మాణబసా గురువారాలు (మాణ అనే కొలపాత్రలో ధాన్యం నింపి లక్ష్మిని పూజించే వారాలు) మొదలుపెట్టేసరికి మనకింకా కార్తికమే నడుస్తుంటుంది. వాళ్ల నెల పున్నమి మర్నాడు మొదలైతే మనది అమావాస్య మర్నాడు. 2023లో కార్తిక పున్నమి నవంబరు 27న వచ్చింది. వాళ్ల తొలి గురువారం నవంబరు 30, మన తొలి లక్ష్మివారం, అంటే మార్గశిర గురువారం, డిసెంబరు 14. రెండూ చేసే ఇంట్లో ఆ ఏడాది మొదటి రెండు వారాలూ మాణ ఒక్కటే, తర్వాత రెండు వారాలు మాణతో పాటు కలశం, ఆపైన కలశం ఒక్కటే. ఏ ఏడైనా ఇలాగే రెండు పంచాంగాలూ పక్కపక్కన పెట్టి రాసుకోండి.

కలశంలో నీళ్లు, మాణలో ధాన్యం. ఈ రెంటినీ ఒకే పీట మీద ఇరికించకండి. చెంబు చెమర్చిందంటే కొత్త ధాన్యం పాడవుతుంది. జానెడు ఎడంగా రెండు పీటలు వేసుకుంటే సరి.

కలశానికి రాగి, ఇత్తడి, వెండి, మట్టి ఏదైనా పనికొస్తుంది. లీటరు పట్టే చెంబు చాలు. చూడాల్సింది మూతి. 7, 8 సెంటీమీటర్ల వెడల్పుంటే మామూలు కొబ్బరికాయ మూడోవంతు లోపలికి దిగి కుదురుగా కూర్చుంటుంది. అంతకన్నా వెడల్పైతే కాయ మునిగిపోతుంది, ఇరుకైతే కాస్త తగిలినా దొర్లుతుంది. మట్టి కుండ కొత్తదైతే ముందు రోజు రాత్రే నీళ్లలో నానబెట్టాలి. నానని కుండ పోసిన నీళ్లు పీల్చేసుకుని అడుగున చెమరుస్తుంది, కింద బియ్యం తడిసి మర్నాటికి వాసనొస్తాయి. అడుగు గుండ్రంగా ఉంటే చుట్టకుదురు తప్పనిసరి.

పళ్లెంలో కిలో బియ్యం పోసి, నడుమ పిడికిలితో గుంట చేసి, చెంబు పెట్టి అర చుట్టు తిప్పి నొక్కండి. గుంట చెయ్యకుండా పైపైన పెట్టేస్తే కాయ బరువు పడగానే ఒరుగుతుంది. నీళ్లు ముప్పాతిక వరకే. కాయ దిగినప్పుడు నీటిమట్టం పెరుగుతుందని మరిచిపోయి నిండా పోసేవాళ్లే ఎక్కువ. నీళ్లలో అక్షతలు, పువ్వు, పసుపుకొమ్ము, వక్క, నాణెం వెయ్యండి. రాగి చెంబైతే నిమ్మరసం, పెరుగు లాంటి పులుపు లోపల పడనివ్వకండి, రాగి నీళ్లలోకి దిగుతుంది.

మామిడాకులు అయిదు, కొనలు బయటికి, తొడిమలు నీళ్లలోకి. తొడిమ తడిలో ఉంటే సాయంత్రం దాకా వాడవు. మామిడి, రావి, మర్రి, మేడి, జువ్వి కలిపి పంచపల్లవాలు పెట్టే ఆచారమూ ఉంది, దొరక్కపోతే మామిడి ఒక్కటీ చాలు. కాయ ఎంచేటప్పుడు ఊపి నీళ్ల చప్పుడు వినండి, కళ్ల దగ్గర తడి, బూజు లేకుండా చూడండి. పిలక పైకి ఉండాలి. పసుపు దారం మెడకి మూడు చుట్లు చుట్టి, పైన రవికగుడ్డ శంఖంలా మడిచి పెట్టండి. పూజ నడుమ కాయ చిట్లితే అపశకునం అని భయపడనక్కర్లేదు. ఎండిన కాయ చలికాలపు గాలికి చిట్లుతుంది, అంతే. మరో కాయ పెట్టుకోండి.

ఈ అమరికకంతా అర్థం పూజలో చదివే కలశ శ్లోకంలోనే ఉంది: ముఖంలో విష్ణువు, కంఠంలో రుద్రుడు, మూలంలో బ్రహ్మ, నడుమ మాతృగణాలు, కడుపులో సముద్రాలు, ఏడు ద్వీపాల భూమి, నీళ్లలో నాలుగు వేదాలు. మెడ, కడుపు, మూతి అని చెంబుకి చెప్పుకునే పేర్లన్నీ ఒంటి పేర్లే. ఆ ఒంటికి తల కొబ్బరికాయ. అద్వైతులు చెప్పే ఘటాకాశమూ ఈ ఒంటి గురించే: కుండ పగిలితే లోపలి ఆకాశం బయటి ఆకాశంలో కలుస్తుంది. శ్మశానంలో చిల్లులు పెట్టి తిప్పి పగలగొట్టే కుండది అదే భాష. అందుకే పూజ కలశాన్ని ఖాళీగా, చిల్లుతో, సొట్టతో పెట్టరు. రెండేళ్లకోసారి బరంపురం ఠాకురాణి యాత్రలో అమ్మ ఘటం రూపంలోనే, ఆడవాళ్ల తల మీద, వీధుల్లోకి వస్తుంది. ఆ జాతరని నడిపించే దేశిబెహరా కుటుంబం నేతపని చేసే దేరా వాళ్లది.

మాణ అంటే ధాన్యం కొలిచే పాత్ర, మన కుంచం లాంటిది. పేముతో అల్లినవీ, డోక్రా (మైనపు అచ్చుతో పోతపోసే పని) ఇత్తడివీ దొరుకుతాయి. కొత్త ధాన్యాన్ని రెండు మూడు రోజులు ఎండబెట్టి పోయాలి. గింజ కొరికితే కటుక్కుమనాలి, మెత్తగా నలిగితే ఇంకా తడి ఉన్నట్టే, వారం తిరిగేలోగా బూజు పడుతుంది. అంగట్లో కొలిచేటప్పుడు పైన కర్రతో తలగొట్టేస్తారు. పూజలో మాత్రం గుమ్మటంలా పొంగనిచ్చి వదిలేస్తారు. కొలతకి మించింది ఇంట్లో ఉండాలన్న కోరిక ఆ గుమ్మటంలో కనిపిస్తుంది. దాని మీద వక్కలు, వరి కంకులు, ఎర్ర గుడ్డ.

నేల మీద వేసే ఒడియా ముగ్గు ఝోటి మన పొడి ముగ్గులా కాదు, తడి పిండితో వేస్తారు. గ్లాసు బియ్యం మూడు గంటలు నానబెట్టి, దోసెల పిండి కన్నా కాస్త పల్చగా రుబ్బి, వేళ్లతో గీయాలి. మరీ పల్చనైతే గీత పాకుతుంది, చిక్కనైతే ఆరాక పెచ్చులూడుతుంది. లక్ష్మి పాదాలు గుమ్మం నుంచి పీట వైపు నడిచేలా, వేళ్లు లోపలికి ఉండాలి. తొందరలో తిరగేసి వేసేవాళ్లు చాలామంది, ఇదొక్కటి సరిచూసుకోండి. ఒడియా కవి బలరామదాసు రాసిన లక్ష్మీపురాణం ఆ రోజు చదువుతారు. అందులో లక్ష్మి మెచ్చి అడుగుపెట్టింది చండాలిని శ్రియా ఇంట్లో. పాదాలు గీసేటప్పుడు పిల్లలకి ఆ కథ చెప్పడం మంచిది.

ఉద్వాసనకి కలశాన్ని ఉత్తరం వైపు కొద్దిగా కదిపి, మామిడాకులతో ఆ నీళ్లు ఇంట్లో చల్లి, మిగిలినవి మొక్కకి పోయండి. బియ్యం పరమాన్నానికి, కాయ ప్రసాదానికి వాడుకోవచ్చు. చెంబుని చింతపండు, ఉప్పుతో తోమి, తుడిచి, బోర్లించి ఆరబెట్టండి. తడితో బీరువాలో పెడితే వచ్చే వారానికి పచ్చటి చిలుము పడుతుంది.