ఫ్లాస్ మొదలుపెట్టగానే రక్తం ఎందుకు వస్తుంది? కొత్త సంవత్సరంలో పళ్ల సంరక్షణ: సమస్యలు - పరిష్కారాలు

రోజూ శ్రద్ధగా తోముకోవాలని, ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే సన్నని దారం) వాడాలని జనవరి మొదటి తేదీన గట్టి నిర్ణయం తీసుకున్నవారిలో చాలామంది నెల తిరక్కముందే దాన్ని వదిలేయడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. అలవాటు మొదలైన తొలి వారాల్లోనే ఉమ్మిలో రక్తం కనిపిస్తుంది, చల్లని నీళ్లు తగిలితే పన్ను జివ్వుమంటుంది, ఎంత తోముకున్నా వాసన పోయినట్టు అనిపించదు. దాంతో ఇది తమకు పడలేదనుకుని మానేస్తారు. నిజానికి ఈ ఇబ్బందుల్లో కొన్ని అలవాటును కొనసాగించాలనడానికే గుర్తులు. మరికొన్నింటికి తోమే పద్ధతి మార్చుకుంటే సరిపోతుంది. దంతవైద్యుని అవసరం తప్పనిసరి అయ్యేవి తక్కువే.

సమస్య 1: ఫ్లాస్ వాడితే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది

రెండు పళ్లు ఆనుకుని ఉన్న చోటికి బ్రష్ పోగులు చేరవు. అక్కడ రోజుల తరబడి పేరుకున్న పాచి, అంటే సూక్ష్మజీవులతో నిండిన జిగట పొర, చిగురు అంచును ఎర్రబరచి ఉబ్బిస్తుంది. అలా ఉబ్బిన చిగురుకు దారం కాస్త తగిలినా రక్తం వస్తుంది కాబట్టి, తప్పు దారానిదేనని అనుకోవడం సహజం. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో దంత పరిశోధకుడు హారాల్డ్ లోయె బృందం చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత పళ్లు శుభ్రం చేసుకోవడం మాన్పించి చూసింది. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ల వాపు వచ్చింది. శుభ్రం చేసుకోవడం తిరిగి మొదలుపెట్టాక వారం పది రోజుల్లో అది తగ్గిపోయింది. ఈ దశలో వాపును పూర్తిగా నయం చేసుకోవచ్చని, అందుకు మందు శుభ్రతేనని ఆ ప్రయోగం తేల్చింది.

కాబట్టి రక్తం వస్తున్న చోటును వదిలేయకుండా రోజుకు ఒకసారి అక్కడ తప్పకుండా శుభ్రం చేయాలి. సుమారు 45 సెంటీమీటర్ల దారం తీసుకుని, రెండు కొసలనూ రెండు చేతుల మధ్యవేళ్లకు చుట్టి, మధ్యలో రెండు మూడు సెంటీమీటర్లు మాత్రం బిగువుగా పట్టుకోవాలి. పళ్ల మధ్యకు దాన్ని రంపం ఆడించినట్టు ముందుకూ వెనక్కూ కదుపుతూ మెల్లగా దించాలి. టక్కున కిందికి నొక్కితే చిగురు తెగుతుంది. అప్పుడు వచ్చే రక్తానికి మాత్రం దారానిదే బాధ్యత. లోపలికి దిగిన దారాన్ని ఒక పంటిని కౌగిలించినట్టు వంచి, చిగురు అంచు కిందికి కొద్దిగా జార్చి, నాలుగైదుసార్లు పైకీ కిందికీ రాయాలి. తర్వాత అదే సందులో పక్క పంటికీ అలాగే చేయాలి. ఈ రెండో పంటినే చాలామంది మర్చిపోతారు. సందులు వెడల్పుగా ఉన్నవారికి దారం కన్నా, పళ్ల సందుల కోసమే చేసిన సన్నని ఇంటర్‌డెంటల్ బ్రష్ బాగా పనిచేస్తుంది.

ఇలా రెండు వారాలు చేసినా రక్తం ఆగకపోతే అక్కడ గార కట్టి ఉండవచ్చు. పాచిని తొలగించకపోతే లాలాజలంలోని ఖనిజాలు చేరి అది గట్టిపడుతుంది. ఒకసారి గార అయ్యాక ఏ బ్రష్షూ, ఏ పేస్టూ దాన్ని తీయలేవు, స్కేలింగ్, అంటే దంతవైద్యుని దగ్గర పరికరాలతో గార తీయించుకోవడం, చేయించుకోవలసిందే. స్కేలింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయని, సందులు పడతాయని చాలామంది భయపడతారు. గార తీసిన తర్వాత కనిపించే సందులు అంతకుముందు లేనివి కావు. గార వాటిని పూడ్చి ఉంచింది, అంతే. ఇంకొక మాట కూడా చెప్పాలి. పొగతాగేవారి చిగుళ్లలో రక్తస్రావం అంతగా బయటపడదు కాబట్టి, రక్తం రావడం లేదన్న ధీమాతో వారు పరీక్ష వాయిదా వేయకూడదు.

సమస్య 2: శ్రద్ధగా తోముతున్నా చల్లదనానికి పళ్లు జివ్వుమంటున్నాయి

ఇక్కడ తప్పు చాలాసార్లు ఆ శ్రద్ధలోనే ఉంటుంది. కొత్త ఉత్సాహంతో గట్టిగా, అడ్డంగా రుద్దితే కాలక్రమంలో చిగురు వెనక్కి జారి పంటి వేరు బయటపడుతుంది. పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్ వేరు మీద ఉండదు. వేరులోని డెంటిన్ అనే పొరలో ఉండే అతి సన్నని గొట్టాల్లోని ద్రవం చల్లదనానికి కదిలి నరాన్ని ప్రేరేపిస్తుంది. పళ్లు తెల్లబడాలన్న ఆశతో గరుకు పొడులు, బొగ్గు పొడి వాడటం దీనికి తోడైతే ఇబ్బంది మరింత పెరుగుతుంది.

ఒకసారి బ్రష్‌ను పరిశీలించండి. మూడు నెలలు కాకముందే పోగులు పక్కలకు విచ్చుకుని ఉంటే చేతి ఒత్తిడి ఎక్కువైందని అర్థం. మెత్తటి పోగులున్న బ్రష్‌ను కలం పట్టుకున్నట్టు పట్టుకుని, చిగురు అంచు వైపు 45 డిగ్రీలు వంచి, చిన్న చిన్న కదలికలతో రెండు నిమిషాలు తోమితే చాలు. పుల్లని పానీయం తాగిన వెంటనే ఎనామిల్ పైపొర మెత్తబడి ఉంటుంది కనుక అరగంట ఆగి తోముకోవాలి. పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు ఉపశమనం ఇస్తుంది గానీ అందుకు కొన్ని వారాలు పడుతుంది. మూడు రోజులు వాడి పనిచేయలేదని పక్కన పెట్టడం తొందరపాటు. ఒకే ఒక్క పన్ను బాధిస్తున్నా, వేడి తగిలిన తర్వాత నొప్పి చాలాసేపు నిలిచి ఉంటున్నా అది పేస్టుతో తీరేది కాదు. పన్ను పుచ్చిందేమో, చిట్లిందేమో చూపించుకోవాలి.

సమస్య 3: రెండుపూటలా తోముకున్నా నోటి వాసన పోవడం లేదు

వాసనకు ప్రధాన కారణం గంధకంతో కూడిన వాయువులు. నాలుక వెనుక భాగంలోనూ పళ్ల సందుల్లోనూ దాగిన సూక్ష్మజీవులు మాంసకృత్తులను విచ్ఛిన్నం చేసేటప్పుడు అవి పుడతాయి. మౌత్‌వాష్ వాసనను కాసేపు కప్పిపుచ్చుతుంది. నాలుకను బద్దతో వెనుక నుంచి ముందుకు సున్నితంగా గీయడం, ఫ్లాస్ వాడటం మూలాన్ని తొలగిస్తాయి. వాసన ఎక్కడిదో తెలుసుకోవడానికి, వెనుక పళ్ల మధ్య ఆడించిన దారాన్ని వాసన చూడండి. అసహ్యంగా అనిపించినా ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు. నోరు తరచూ ఎండిపోతున్నవారు నీళ్లు తాగుతుండాలి. కొన్ని మందుల వల్ల, నోటితో గాలి పీల్చడం వల్ల కూడా నోరు ఎండుతుంది.

సమస్య 4: తీపి తగ్గించినా పళ్లు పుచ్చుతున్నాయి

తీపి ఎంత తిన్నామన్నదానితో పాటు ఎన్నిసార్లు తిన్నామన్నదీ లెక్కలోకి వస్తుంది. చక్కెర అందిన కొద్ది నిమిషాల్లోనే పాచిలో ఆమ్లం తయారై, దాని పీహెచ్ (ఆమ్ల స్థాయిని తెలిపే కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 5.5 కన్నా కిందికి పడిపోతుంది, ఎనామిల్ నుంచి ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని తటస్థం చేయడానికి సాధారణంగా అరగంట నుంచి గంట పడుతుంది. అందువల్ల చక్కెర వేసిన కాఫీని ఐదు నిమిషాల్లో తాగేసిన వ్యక్తి కన్నా, అదే కప్పును పని చేసుకుంటూ రెండు గంటలపాటు చప్పరించిన వ్యక్తి పళ్లకే హాని ఎక్కువ. తీపిని భోజనంతో పాటు ముగించి, మధ్యలో నీళ్లకే పరిమితం కావడం మేలు. తోముకున్న తర్వాత నురగను ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించకుండా వదిలేస్తే పేస్టులోని, ఎనామిల్‌ను గట్టిపరిచే ఫ్లోరైడ్ పళ్ల మీద ఎక్కువసేపు నిలుస్తుంది. నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది కనుక రాత్రి తోముకున్నాక నీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు.

సమస్య 5: మూడో వారానికే అలవాటు జారిపోయింది

ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు కుదురుతుందన్న ప్రచారాన్ని నమ్మినవారికే ఈ నిరాశ ఎక్కువ. 2010లో పరిశోధకురాలు ఫిలిప్పా లాలీ బృందం ప్రచురించిన అధ్యయనంలో ఒక పని యాంత్రికంగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. వ్యక్తిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పిపోయినంత మాత్రాన పెద్ద తేడా రాలేదని కూడా అందులో తేలింది.

రాత్రిపూట తోమడం తప్పిపోవడానికి ముఖ్య కారణం దాన్ని నిద్ర ముంచుకొచ్చేదాకా వాయిదా వేయడమే. భోజనమైన అరగంటకు ఆ పని పూర్తి చేస్తే నిద్రమత్తు అడ్డురాదు, అర్ధరాత్రి చిరుతిళ్ల మీదికి మనసు పోయే అవకాశమూ తగ్గుతుంది. ఫ్లాస్‌ను సొరుగులో కాకుండా బ్రష్ పక్కనే పెట్టండి. అన్నీ ఒకేసారి మొదలుపెట్టడం సాధ్యం కాకపోతే, నా అభిప్రాయంలో మొదట నిలబెట్టుకోవలసింది రాత్రి తోముకోవడమే. మిగతావి దానికి ఒక్కొక్కటిగా జోడించుకోవచ్చు.

ఇంట్లో ఆగకూడని సందర్భాలు

నోటిలో పుండు గానీ తెల్లని లేదా ఎర్రని మచ్చ గానీ రెండు వారాలు దాటినా మానకపోతే, పెద్దవారిలో పన్ను కదులుతుంటే, చిగురు నుంచి చీము వస్తుంటే దంతవైద్యుని కలవాలి. ముఖం వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవడం లేదా మింగడం కష్టమైనా మరుసటి రోజు దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.